పెట్టిందా, మొలిచిందా

శంషాబాద్ దాటి కొత్తూరు వైపు పోతుంటే బెంగళూరు రోడ్డు పక్కన నర్సరీలు కనిపిస్తాయి. ఏదో ఒకదాంట్లోకి వెళ్లి, ఒక మొక్కను చూపించి పేరేమిటని అడగండి. "షో ప్లాంటు సార్" అంటారు. పక్కదాన్ని చూపించండి. "అదీ షో ప్లాంటే సార్, కొంచెం పెద్దది" అంటారు. ముప్పై నాలుగేళ్లు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన నాకు ఈ మాట వింటే ఒళ్లు మండుతుంది. హోటళ్ల ముందు పరిచే ప్లాస్టిక్ గడ్డి సంగతి సరే సరి. దాని గురించి మొదలుపెడితే ఈ కథ ముందుకు సాగదు.

ఆ రోడ్డు మీద ఒక్క నర్సరీలో మాత్రం షో ప్లాంటు అనే మాట నోటి వెంట రాని మనిషి ఒకామె ఉంది. పేరు దుర్గవ్వ. వయసు అరవై నాలుగో, అయిదో. చీర కుచ్చిళ్లు ఎగదోపి, రబ్బరు పైపు చేత్తో పట్టుకుని, మొక్కలకూ కొనడానికి వచ్చినవాళ్లకూ కలిపి నీళ్లు చల్లుతూ తిరుగుతుంటుంది. కొత్త విల్లాలవాళ్లు వచ్చి "ఆంటీ, నీళ్లు పోయకపోయినా బతికే మొక్క ఏదైనా ఉందా" అని అడిగితే, "అసొంటిదైతే గోడ మీద బొమ్మ ఏయించుకో బిడ్డా" అంటుంది. నర్సరీ ఓనరు శ్రీలత ఇది విని కూడా విననట్టు ఉంటుంది. ఆకు వాలిన తీరు చూసి ఏ కుండీలో వేరు కుళ్లుతోందో చెప్పగలిగేది అక్కడ దుర్గవ్వ ఒక్కతే.

మొక్కలను వేరు చేసి చూడటం నాకు నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు మా ప్రొఫెసరు గారు. ఆయన పూరేకులు లెక్కపెట్టి నేర్పారు. రెండోవారు దుర్గవ్వ. ఆమె మేక నోటిని చూసి నేర్పింది. ఎవరి దగ్గర ఎక్కువ నేర్చుకున్నానంటే, ప్రొఫెసరు గారి ఆత్మ నన్ను మన్నించుగాక.

పంతొమ్మిదివందల డెబ్బై తొమ్మిదిలో నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగం కొత్త, మీసం కొత్త, పొగరు మాత్రం పాతదే. కాలేజీలో మొక్కల నమూనాలు భద్రపరిచే గది ఒకటి ఉండేది. అందులో పెట్టడానికి నగరం చుట్టుపక్కల మొక్కలన్నీ ఏరి తెమ్మని ప్రొఫెసరు గారు నన్ను పంపారు. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి శంషాబాద్‌లో దిగేవాణ్ని. భుజానికి ఆకుపచ్చ రంగు వేసిన రేకు డబ్బా, చంకలో రెండు చెక్క పలకలు, వాటి మధ్య మొక్కలను నొక్కి ఆరబెట్టడానికి ఉర్దూ పేపర్ల కట్ట. అక్కడి నుంచి ఎర్రగుట్టపల్లికి గంట నడక. ఇప్పుడా పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఊరు ఉన్నచోట ఇప్పుడు విమానాలు దిగుతున్నాయి.

ఎర్రగుట్టపల్లి బండల మీద పద్దెనిమిదేళ్ల దుర్గవ్వ మేకలు కాస్తుండేది. పెళ్లయి మూడేళ్లు. భర్త పాండు హిమాయత్ సాగర్ దగ్గర గెస్ట్‌హౌస్ తోటలో కూలికి పోయేవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు ఆమె అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది.

"గడ్డి కోస్తున్నవ్, ఎడ్లు యాడున్నయ్ సారు?"

ఎడ్లు లేవని, మొక్కలను అట్టల మీద అంటించి దాస్తామని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి, ఇంట్లో వాళ్లకు తెలుసా అని అడిగింది. ఏదో మతి చలించిన పిల్లగాడు అనుకుందట. ఆ సంగతి ఆమె నాకు నలభై ఏళ్ల తర్వాత చెప్పింది.

ఆ తర్వాత రెండేళ్లు ఆదివారం వచ్చిందంటే నేను ఆమె మేకల వెనకాలే. ఆమె దగ్గర ఒక లెక్క ఉండేది. మేక తినేవి, మేక ముట్టనివి, మేక ఆకలైతేనే తినేవి. అక్కడితో అయిపోలేదు. ఈ మూడింటినీ మళ్లీ ఇంకో రకంగా విడదీసేది. పెట్టినయి, మొలిసినయి, ఇడిసినయి. పెట్టినవి అంటే మనిషి నాటినవి. మొలిచినవి అంటే తమంతట తాము పుట్టినవి. మూడో రకం ఏమిటో నాకు అర్థం కాలేదు. అప్పుడామె నన్ను ఒక పాడుబడ్డ ఇంటి దగ్గరికి తీసుకుపోయింది. గోడలు కూలాయి. వాకిలి ఉన్నచోట చంద్రకాంత పూలు గుబురుగా పూసి ఉన్నాయి. "గీ ఇంటోళ్లు పోయి ఇరవై ఏండ్లు. పెట్టినోళ్లు ఇడిసిపెట్టిన్రు. అది మాత్రం బతుకుతనే ఉంది," అంది.

శాస్త్రంలో దీన్ని పెద్ద మాటలతో చెబుతాం. తోటలో నాటిన మొక్క గోడ దూకి బయటపడి అడవి మొక్కలా బతకడం నేర్చుకుంటుంది. మన నేల మీది మొక్కలను మొట్టమొదట పుస్తకాలకు ఎక్కించినవాళ్లు కూడా ప్రతి ఊళ్లోనూ అడిగిన ప్రశ్న ఇదే: ఇది నాటిందా, మొలిచిందా? పైరు ఏది, కలుపు ఏది, తోటది ఏది, అడవిది ఏది అని తేలకుండా వర్ణన ముందుకు పోదు. దొరలు, పండితులు, దొరల దగ్గర బొమ్మలు గీసేవాళ్లు, అందరి పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పిన మేకల కాపరుల పేర్లు లేవు. నేనూ రాయలేదు. నా అట్టల మీద సేకరించినవారు అన్నచోట జగదీశ్ అని నా పేరు ఒక్కటే ఉంటుంది.

ఇప్పుడు నాలుగువందల పన్నెండో అట్ట సంగతికి వస్తాను.

డెబ్బై తొమ్మిది నవంబరులో ఒక ఆదివారం. ఊరికి దూరంగా, మేకలు తప్ప మనుషులు పోని ఒక పెద్ద బండ పక్కన నాకు బిళ్లగన్నేరు కనిపించింది. బిళ్లగన్నేరు ఎవరికి తెలియదు, ప్రతి వాకిట్లోనూ ఉండేదే. కానీ ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎక్కడ చూసినా గులాబీ రంగువే. ఇది తెల్లది. అదీ ఇల్లూ వాకిలీ లేని రాతి నేల మీద. గోడ దూకిన మొక్క దొరికింది, నా పేరు పరిశోధన పత్రికలో పడుతుంది అనుకున్నాను.

"దుర్గవ్వా, దీన్ని ఎవరన్నా పెట్టిన్రా?" అని అడిగాను.

ఆ రోజు ఆమె వెంట ఆమె యారాలు కూడా ఉంది, అంటే తోటికోడలు. కట్టెలు ఏరుకుంటోంది. దుర్గవ్వ ఒకసారి ఆమె వైపు చూసి, మేకల వైపు తిరిగింది.

"ఎవరు పెడ్తరు సారు గీడ. అదే మొలిసింది."

నేను సంతోషంగా పుస్తకంలో రాసుకుని, గునపం లాంటి చిన్న పనిముట్టు తీశాను. ఆమె చప్పున నా దగ్గరికి వచ్చింది.

"మొత్తం పీకాల్నా? కొమ్మ ఇరిస్తే సాలదా?"

వేరు లేని నమూనా నమూనానే కాదని ఆమెకు ఒక పాఠం చెప్పాను. మా ప్రొఫెసరు గారి గొంతుతో చెప్పాను. ఆమె అంతా విని, "అట్టకేస్తే ఎన్నొద్దులుంటది?" అని అడిగింది.

"నూరేళ్లు ఉంటుంది," అన్నాను. ఇరవై నాలుగేళ్లవాడికి నూరు అనడం ఎంతసేపు.

ఆమె నా చేతిలోంచి పనిముట్టు తీసుకుంది. "నువ్వు పీకితే వేరు తెంపుతవ్. జరుగు," అంది. కూర్చుని, చుట్టూ మట్టిని వేళ్లతో తొలిచి, చిన్న వేరు కూడా తెగకుండా మొక్కను పైకి తీసింది. నాకు అందించి, ఆ గుంటను మళ్లీ మట్టితో పూడ్చింది. అరచేతులతో చాలాసేపు అదిమింది. పైన ఒక రాయి తెచ్చి పెట్టింది. బస్సు టైమవుతోందని నేను విసుక్కున్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను, విసుక్కున్నాను.

ఆ మొక్క నాకు బాగా కలిసొచ్చింది. పత్రికలో అరపేజీ వ్యాసం పడింది. ప్రొఫెసరు గారు అందరి ముందూ భుజం తట్టారు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్లు ప్రతి సంవత్సరం కొత్త పిల్లలకు ఆ కథే చెప్పాను. "తోట మొక్క అడవి మొక్క ఎలా అవుతుందో పుస్తకంలో చదవడం కాదు, నేను నా కళ్లతో చూశాను" అనేవాణ్ని. పిల్లలు వెనక బెంచీల్లో నన్ను బిళ్లగన్నేరు సారు అని పిలుచుకునేవాళ్లట. పిలుచుకోనీ అనుకున్నాను.

ఎర్రగుట్టపల్లికి మాత్రం మెల్లగా రాకపోకలు తగ్గాయి. పెళ్లి, పిల్లలు, పరీక్ష పేపర్లు. విమానాశ్రయానికి భూములు పోయినప్పుడు పేపర్లో చదివి, అయ్యో అనుకున్నాను. ఆ ఊరివాళ్లు తలా ఒక దిక్కు పోయారు. దుర్గవ్వ వాళ్లు శంషాబాద్‌లో కిరాయి ఇంట్లో చేరారు. పాండు ఆ తర్వాత మూడేళ్లకు పోయాడు. కొడుకు శేఖర్ ఎయిర్‌పోర్టు క్యాబు నడుపుతాడు. మేకలు లేవు. మేకలు లేని దుర్గవ్వ కొన్నాళ్లు రోడ్డు మధ్య డివైడర్ మీద మొక్కలకు కలుపు తీసే పనికి పోయింది. అక్కడ సూపర్‌వైజరు నాటినవి తప్ప అన్నీ పీకెయ్యమంటే, తుమ్మి, గరిక, పల్లేరు పీకుతూ ఒక్కోదాని పేరూ చెప్పి మరీ పీకేదట. "పేరన్న జెప్పి పీకొద్దా సారు, ఊకె పీకితే పాపం గదా" అంది. చివరికి శ్రీలత నర్సరీలో కుదురుకుంది.

ఈ సంగతులన్నీ నాకు ఆరేళ్ల కిందట, కోడలికి కరివేపాకు మొక్క కొనడానికి ఆ నర్సరీకి వెళ్లినప్పుడు తెలిశాయి. పైపుతో నా చెప్పుల మీద నీళ్లు పడ్డాయి. తిట్టబోతూ తలెత్తితే, "ఏంది సారు, ఎడ్లు దొరికినయా?" అంది. ఆ రోజు ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అప్పటి నుంచి నెలకోసారి పోయి ఆమె పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం నాకు అలవాటైంది. పైన విమానం పోతే మాట ఆపుతాం. అది పోయాక మళ్లీ మొదలుపెడతాం.

ఈ ఏడాది మార్చిలో కాలేజీ నుంచి ఫోను వచ్చింది. నా శిష్యురాలు సుమలత ఇప్పుడక్కడ డిపార్ట్‌మెంట్ చూస్తోంది. నమూనాల గదిని కంప్యూటర్ ల్యాబు చేస్తున్నారు. అట్టలన్నిటికీ ఫొటో తీసి, ఉంచవలసినవి రెండు బీరువాల్లో సర్ది, మిగిలినవి తీసేయాలి. "అడవి మొక్కలు అన్నీ ఉంచుతున్నాం సార్. తోట మొక్కలు, ఇళ్లలో పెంచేవి ఫొటో తీసి పారేయమన్నారు. మీ అట్టల మీద ఊళ్ల పేర్లు కొన్ని మ్యాపులో దొరకడం లేదు. కొంచెం చూసి పెడతారా?" అని అడిగింది.

నాలుగువందల పన్నెండు ఉంచే జాబితాలోనే ఉంది. తెల్ల బిళ్లగన్నేరు, స్వతహాగా మొలిచినది, ఆ ప్రాంతంలో మొదటిసారి. ఫోనులో ఫొటో పంపింది. ఆ బండ సరిగ్గా ఎక్కడుందో దుర్గవ్వను అడుగుదామని నర్సరీకి వెళ్లాను.

దుర్గవ్వ నారు కవర్లలో మట్టి నింపుతోంది. ఫోను చూపించాను. చీర కొంగుతో చేయి తుడుచుకుని అందుకుంది. కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టింది. ఫోను ఆరిపోతే నాకిచ్చి, మళ్లీ వెలిగించమంది.

"కింద ఏం రాసినవ్ సారు?"

చదివాను. "ఊరికి దూరంగా, బండ పక్కన, రాతి నేలలో స్వతహాగా మొలిచినది. పూలు తెలుపు."

"స్వతహా అంటే?"

"ఎవరూ పెట్టకుండా అదే మొలిచిందని."

ఆమె కవర్లో పిడికెడు మట్టి వేసి అదిమింది. "అయితే తప్పు రాసినవ్," అంది.

నేను నవ్వాను. నువ్వే కదా చెప్పింది అన్నాను.

"నేనే చెప్పిన. మా యారాలు పక్కనుండె. ఆమె ముంగట ఎట్ల చెప్త?"

విమానం ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగి చెప్పింది. అంతకు ముందు ఏడాది ఆమెకు ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టాలి. పదహారో రోజునే పోయింది. పేరు పెట్టని బిడ్డను ఊరి శ్మశానానికి తీసుకుపోరు. మగవాళ్లు ఎత్తుకుపోయి ఎక్కడో పూడ్చి వస్తారు. ఆ తావు తల్లికి చెప్పరు, తల్లి చూడకూడదు. చూస్తే మళ్లీ కడుపు పండదంటారు. బిడ్డ గురించి మాట్లాడటం కూడా ఇంట్లో ఆపేశారు.

"పది దినాలు అన్నం తినలే నేను. మా ఆయిన చూసి చూసి ఒకనాడు నా ఎంబడి మేకల కాడికొచ్చిండు. ఏం మాట్లాడలే. ఆ బండ పక్కకు పోయి నిలబడ్డడు, అంతే. నాకు సమజైంది."

వారం తర్వాత పాండు గెస్ట్‌హౌస్ తోట నుంచి తడిగుడ్డలో చుట్టి ఒక మొక్క తెచ్చాడు. తెల్ల బిళ్లగన్నేరు. అదే ఎందుకంటే, మేక ముట్టదు కనుక. ఆ సలహా దుర్గవ్వదే. నాటింది ఇద్దరూ కలిసి. అత్తకు తెలిస్తే గొడవ, యారాలికి తెలిస్తే ఊరందరికీ తెలుస్తుంది. మేకలు కాస్తూ రోజూ కుండలో మిగిలిన నీళ్లు దానికి పోసేది.

ఆ మొక్కను వేరుతో సహా తవ్వించింది నేను. ఆమె చేతులతోనే తవ్వించాను. అదీ చాలక, ముప్పై నాలుగేళ్లు క్లాసుల్లో గొప్పలు చెప్పుకున్నాను.

"ఎందుకిచ్చావు దుర్గవ్వా నాకు? తిట్టి పంపించకపోయావా?"

"ఇంకో ఎండాకాలమొస్తే బండ కాడ ఏం బతుకుతది సారు. నూరేండ్లు ఉంటదంటివి గదా. ఆడ ఉంటె ఇంకొక్క ఏడాది, నీ తాన ఉంటె నూరేండ్లు. అందుకే ఇచ్చిన." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆడ బండ పాయె, మన్ను పాయె. అన్ని తవ్విన్రు. గిది ఒక్కటే మిగిలింది. అందులనన్న నిజం రాయి సారు. అదే మొలిసిందని రాస్తె, ఆ పిల్లకు ఎవ్వరు లేనట్టే గదా."

రాస్తాననే అన్నాను. బస్సెక్కాక గుర్తొచ్చింది. నాటినది అని రాస్తే అది తోట మొక్క. తోట మొక్కలు పారేసే జాబితాలో ఉన్నాయి.

ఆ వారమంతా నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. నా అరపేజీ వ్యాసం పోతుందన్న బాధ కూడా కొంచెం ఉందని ఒప్పుకుంటాను. కానీ అసలు బాధ అది కాదు. అబద్ధం ఉన్నంతకాలం అట్ట ఉంటుంది. నిజం రాస్తే అట్ట పోతుంది. ఆమెకు చెప్పకుండా ఊరుకుందామా అనుకున్నాను. సుమలతను బతిమాలుదామా అనుకున్నాను. ఒకరికి మినహాయింపు ఇస్తే అందరికీ ఇవ్వాలని, బీరువాలు రెండే ఉన్నాయని ఆ అమ్మాయి మొహమాటంగా చెప్పింది. ఆమె తప్పేం లేదు. నిబంధన పాటించడం నేనే నేర్పాను.

చివరికి నర్సరీకి వెళ్లి దుర్గవ్వకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆమె మట్టి పని ఆపింది.

"అబద్దం రాస్తె ఉంచుతరు, నిజం రాస్తె పారేస్తరా?"

"అంతే దుర్గవ్వా."

"మంచిగుంది మీ సదువు," అంది. చేతులకంటిన మట్టి దులుపుకుంది. తర్వాత, "నిజమే రాయి. కాని పారేసెటందుకు ముందు నాకొక్కపారి చూపెట్టు. ఫోన్ల కాదు, కండ్లతోని చూస్త," అంది.

శనివారం శేఖర్ క్యాబులో ఆమెను కాలేజీకి తీసుకొచ్చాడు. కొత్త చీర కట్టుకుంది. గోళ్లలో మట్టి మాత్రం అలాగే ఉంది. నమూనాల గదిలో కలరా ఉండల వాసన ఘాటుగా ఉంటుంది, లోపలికి రాగానే దుర్గవ్వ తుమ్మింది. సుమలత కుర్చీ వేసింది, ఆమె కూర్చోలేదు. బీరువాలోంచి నాలుగువందల పన్నెండు తీసి బల్ల మీద పెట్టాను.

నలభై అయిదేళ్లలో ఆకులు గోధుమ రంగుకు మారాయి. తెల్ల పూలు కాగితం రంగులోకి వచ్చాయి. దారంతో నేను కుట్టిన కుట్లు అలాగే ఉన్నాయి. వేళ్లకు ఎర్రమట్టి ఇంకా అంటుకుని ఉంది. కడిగి ఎండబెట్టాలని మా ప్రొఫెసరు గారు ఎప్పుడూ తిట్టేవారు. బస్సు టైమైపోతోందని ఆ రోజు నేను కడగలేదు. నా బద్ధకం ఒక్కసారి జీవితంలో పనికొచ్చింది.

దుర్గవ్వ చూపుడువేలితో ఆ మట్టిని తాకింది. తాకి, వేలిని వెనక్కి తీసుకోలేదు. ఆమె ఏడవలేదు. నాకే కళ్లు నిండాయి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను.

కాసేపటికి ఆమె అట్ట కింది మూలకు వంగింది. "గిదేంది సారు?"

మూలలో చిటికెన వేలంత మొక్క ఒకటి కుట్టి ఉంది. నాలుగు ఆకులు, సన్నని వేరు. నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. దుర్గవ్వ గుంట తవ్వుతుంటే మొక్క మొదలు దగ్గర చిన్న మొలకలు మూడు నాలుగు కనిపించాయి. అట్ట మీద ఖాళీ ఉందని ఒకదాన్ని పీకి డబ్బాలో వేసుకున్నాను. లేత మొక్క ఎలా ఉంటుందో చూపిస్తే పిల్లలకు పనికొస్తుందనుకున్నాను.

"పెద్దదాని కాయ పగిలి కింద మొలిచిన పిల్ల," అన్నాను.

"దీన్ని నేను పెట్టలే," అంది దుర్గవ్వ. "మా ఆయిన పెట్టలే. ఇది దానంతటదే మొలిసింది."

సుమలత కంప్యూటర్ దగ్గర నుంచి తలెత్తింది. "ఏమన్నారు?"

"పెద్దది పెట్టినం బిడ్డా. చిన్నది మొలిసింది. రెండు ఒక్కటి కాదు. కలిపి రాసుడు మీ సారు తప్పు."

సుమలత నా వైపు చూసింది, నేను సుమలత వైపు చూశాను. ముప్పై నాలుగేళ్లు వర్గీకరణ పాఠం చెప్పినవాడి కంటికి ఆనని మొక్క అది. పెంచిన మొక్క విత్తనం రాలి, నాటే చేయి లేకుండా, రాతి నేల మీద తనంతట తాను లేచింది. నేను పత్రికలో రాసింది తప్పే. కానీ రాయవలసినది అదే అట్ట మీద, మూలలో, ఇన్నాళ్లూ ఉంది.

"అయితే ఇందులో స్వతహాగా మొలిచిన నమూనా ఉన్నట్టే కదా సార్," అంది సుమలత. "ఇది పారేసే జాబితాలోకి రాదు."

పాత చీటీ మీద కొట్టివేయడానికి వీల్లేదు. ఎంత తప్పున్నా దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకో చీటీ అంటించాలి. ఎవరు నిర్ణయించారో పేరు, తేదీ వేయాలి. చిన్న కాగితం తీసి రాశాను. పెద్ద మొక్క నాటినది, నాటినవారు పాండు, దుర్గవ్వ, 1978, వారి బిడ్డను పూడ్చిన చోట. మూలనున్న చిన్న మొక్క స్వతహాగా మొలిచినది. నిర్ణయించినవారు అన్నచోట పెన్ను ఆపి, కాగితాన్ని దుర్గవ్వ ముందుకు జరిపాను.

భూమి కాగితాల మీద వేలిముద్ర వేయించుకున్నాక, ఆమె రోషంకొద్దీ సంతకం నేర్చుకుంది. అక్షరాలు ఒక్కొక్కటీ దిద్దుతూ దుర్గవ్వ అని రాసింది. వంకరగానే ఉంది. అంత పెద్దగా రాసేసరికి చీటీలో తేదీకి చోటు చాల్లేదు, పక్కన వేశాను.

నేను అట్టను కాగితంలో చుట్టి, ఉంచే బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె బీరువా తలుపు మీద అరచేయి పెట్టి నిలబడింది. ఆ రోజు గుంట మీద మట్టి అదిమినట్టే ఉంది ఆ చేయి.

"ఈడ ఎవరు తవ్వరు గద సారు?"

"తవ్వరు దుర్గవ్వా."

"ఇగ పోదాం పా," అంది. "నారుకు నీళ్లు పెట్టాలె. శ్రీలత పరేషాన్ అయితది."